గద్దకు కులం పెట్టిందెవరు?

(కార్యకర్తల రాత్రి తరగతిలో ఒక సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో భూమి గురించి, కూలి గురించి, కేసుల గురించి మాట్లాడుకుంటాం. ఈ పొద్దు నన్ను సైన్సు చెప్పమన్నారు. ఏం చెప్పాలా అనుకుంటా చెరువు కట్ట మీద నడిచి వస్తాంటే పైన రెండు గద్దలు తిరుగుతా కనబడినాయి. వాటితోనే మొదలుపెడతా.

రెండూ మీరు రోజూ చూసేవే. ఒకదానికి వీపు ఇటుక రంగు, తల, రొమ్ము తెలుపు. ఇంకోటి ఒళ్ళంతా మట్టిరంగు, తోక కొసన చీలిక ఉంటుంది. మొదటిదాన్ని చూస్తే మన అవ్వలు గరుడ అని చెంపలేసుకుంటారు. రెండోదాన్ని చూస్తే "పిల్లల కోడిని గంప కింద మూయండే" అని కేకేస్తారు. అది మన ఊరి సంగతి. ఇంగ్లీషులో రాసిన పక్షుల పుస్తకాలు తెరిస్తే ఇంకో సంగతి కనబడుతుంది. నిన్నమొన్నటి దాకా ఆ పుస్తకాల్లో తెల్లతల గద్ద పేరు బ్రాహ్మినీ కైట్. మట్టిరంగు గద్ద పేరు పరయా కైట్. కైట్ అంటే గద్ద. పరయా అంటే తమిళనాట మనలాగే ఊరి బయట ఉంచిన కులం పేరు. ఊళ్ళలో తిరిగే నాటు కుక్కకు కూడా ఇంగ్లీషువాడు అదే మాట తగిలించి పరయా డాగ్ అన్నాడు.

ఇంగ్లీషువాన్ని మాత్రమే తిట్టుకుంటే లాభం లేదు. మన తెలుగు నిఘంటువుల్లో మాలకాకి అనే మాట ఉంది. నల్లటి పెద్ద కాకికి ఆ పేరు. కాకి మాలపేటలో పుట్టిందా? దానికి ఎవరైనా కుల సర్టిఫికెట్ ఇచ్చినారా?

ఆకాశంలో ఎగిరే పిట్టకు కులం యాడినుంచి వచ్చిందనేదే ఈ పొద్దు మన పాఠం. ఇది తెలియాలంటే ముందు జీవశాస్త్రం వాళ్ళు ప్రాణుల్ని ఎట్లా గుంపులు చేస్తారో, పేర్లు ఎట్లా పెడతారో తెలుసుకోవాల. దాన్ని వర్గీకరణ శాస్త్రం అంటారు. వర్గీకరణ అనంగానే కొందరు నవ్వుతాండారు. ఆ వర్గీకరణ మీద ఇంకో తరగతి పెట్టుకుందాం. ఈ పొద్దు పిట్టలు, చెట్లు, పాములు.

పేరెందుకు, పద్ధతెందుకు

ఒక ఊర్లో ఒక పేరు, పక్క తాలూకాలో ఇంకో పేరు, పక్క రాష్ట్రంలో మూడో పేరు. ఇట్లుంటే తికమక తప్పదు. మన పందికొక్కు సంగతి చూడండి. శెనక్కాయల గుత్తుల కింద, వడ్ల కొట్టం కింద బొక్కలు తవ్వేది. పందితో పోల్చి పందికొక్కు అన్నాం. తెల్లోళ్ళు ఈ తెలుగు మాటను నోరు తిరక్క బాండికూట్ చేసినారు. తర్వాత వాళ్ళు ఆస్ట్రేలియాకు పోయి అక్కడ కొక్కు మాదిరి కనబడిన ఇంకో జంతువును కూడా బాండికూట్ అనేసినారు. అది కొక్కే కాదు. కంగారూ మాదిరి పిల్లను కడుపు సంచిలో పెట్టుకుని సాకే రకం. ఒక్క పేరు, ఏ సంబంధం లేని రెండు ప్రాణులు. అందుకే శాస్త్రానికి కచ్చితమైన పేర్లు కావాల్సి వచ్చినాయి. అసలు పందికొక్కుల గుంపుకు 1873లో పెట్టిన శాస్త్రీయ నామం బాండికోటా. వినండి, అందులో మన పందికొక్కే పలుకుతాంది.

ఈ పేర్ల పద్ధతిని నిలబెట్టినోడు స్వీడన్ దేశపు లినేయస్. చెట్ల పేర్లకు ఆయన 1753లో వేసిన పుస్తకం, జంతువుల పేర్లకు 1758లో వేసిన పుస్తకం మొదటి లెక్క. ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు. మొదటి మాట ప్రజాతి, ఇంటిపేరు లాంటిది. రెండు మాటలూ కలిస్తే జాతి పేరు. మన శెనగచెట్టు పేరు అరాకిస్ హైపోజియా. హైపోజియా అంటే మట్టి కింద అని అర్థం. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన సీమ మెట్టలో స్థిరపడిన పంటకు ఏ దేశంలో అడిగినా అదే పేరు.

ఈ రెండు మాటల పైన ఇంకా మెట్లున్నాయి. ఉత్తరం మీద చిరునామా రాస్తాం గదా. దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు. అదే మాదిరి రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. పెద్ద గుంపులో చిన్న గుంపు, దాంట్లో ఇంకా చిన్నది.

పేరు పెట్టడానికి కట్టుబాట్లున్నాయి. ఊరికే నోటితో అంటే చెల్లదు, అచ్చులో రావాల. ఈ ప్రాణిని చూసి ఈ పేరు పెట్టినామని సాక్ష్యంగా ఒక నమూనాను దాచిపెట్టాల. ఒకే ప్రాణికి ఇద్దరు రెండు పేర్లు పెడితే ముందు పెట్టినోని పేరే నిలబడుతుంది. తర్వాత ఇది ఈ ఇంటిది కాదు, ఆ ఇంటిదని తేలితే ఇంటిపేరు మారుస్తారు, రెండో మాటను మాత్రం ఉంచుతారు. తప్పు తేలితే దిద్దుకునే శాస్త్రం ఇది. మనుస్మృతికి ఈ గుణం లేదు.

గుంపు దేన్నిబట్టి?

మనం మామూలుగా వాడకాన్ని బట్టి గుంపు చేస్తాం. ఎర్రచందనం, మంచిగంధం రెంటినీ చందనం అంటాం. లాటిన్ పేరులో కూడా ఆ పోలికే ఉంది. ఎర్రచందనం పేరు టీరోకార్పస్ శాంటలైనస్, చందనం లాంటిదని అర్థం. కానీ పువ్వును, కాయను, గింజను పరీక్ష చేస్తే అది చిక్కుడు కుటుంబం. అంటే కందికి, శెనక్కాయకు, చింతచెట్టుకు చుట్టం. దాని సొంత తోబుట్టువు మన కొండల్లో ఉండే వేగిస. ఆ రెంటిదీ ఒకే ఇంటిపేరు. మంచిగంధం వేరే కుటుంబం, వేరే చెట్ల వేర్లను పట్టుకుని బతికేది. కడప, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు కొండల్లో సహజంగా మొలిచే ఎర్రచందనం కోట్లు పలుకుతుంది. దాని చుట్టమైన కందిచెట్టు మన పొయ్యిలో కట్టె అవుతుంది. ధర వేరు, చుట్టరికం వేరు.

ఈ చుట్టరికం అనే మాటను గట్టి చేసినోడు డార్విన్. అంతకుముందు యూరపు పండితులు ప్రాణుల్ని నిచ్చెన మాదిరి పేర్చేవాళ్ళు. అడుగున పురుగు, పైన మనిషి, ఆ పైన దేవదూతలు. నిచ్చెనమెట్లు అంటే మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. 1859లో డార్విన్ తన పుస్తకంలో ఆ నిచ్చెనను తీసేసి చెట్టును పెట్టినాడు. అన్నీ ఒకే మొదలు నుంచి కొమ్మలు కొమ్మలుగా చీలినాయి. కొసన ఉండే ప్రతి రెమ్మా ఈ పొద్దు బతికి ఉన్నదే. చేప కంటే పిట్ట గొప్ప అని వర్గీకరణ శాస్త్రంలో యాడా లేదు. ఎవరు ఎవరికి ఎంత దగ్గర చుట్టమో అంతే చెబుతుంది.

ఇప్పుడు మన రెండు గద్దల చుట్టరికం చూద్దాం. ఈ రెంటికీ 1783లో శాస్త్రీయ నామం పెట్టింది ఒకే మనిషి, బొడార్ట్ అనే డచ్చి డాక్టరు. మట్టిరంగుదాన్ని మైగ్రన్స్ అన్నాడు, వలస తిరిగేది అని. తెల్లతలదాన్ని ఇండస్ అన్నాడు, ఇండియాది అని. మొదట రెంటినీ ఒకే ఇంటిపేరు కింద రాసినాడు. తర్వాత వేరు చేసి ఒకటి మిల్వస్ మైగ్రన్స్, ఇంకోటి హాలియాస్టర్ ఇండస్ అన్నారు. కుటుంబం మాత్రం ఒకటే. డేగలు, రాబందులు కూడా అదే కుటుంబం. ఈ మధ్య రక్తసంబంధం కనుక్కునే డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే ఈ రెండు గద్దలూ పక్కపక్క ఇళ్ళ దాయాదులని తేలింది.

మరి తిండి? మట్టిరంగు గద్ద చచ్చిన గొడ్డు దగ్గరికి పోతుంది, కసువు దిబ్బ మీద వాలుతుంది, ఎలుకను పట్టుకుంటుంది. చెంపలేసుకునే గరుడ ఏం తింటుందనుకుంటిరి? ఒడ్డున చచ్చి పడిన చేప, ఎండ్రకాయ, కప్ప. అది కూడా కళేబరం తినే పక్షే! చెరువు దగ్గర పశువులు మేపే పిల్లోన్ని అడిగితే చెబుతాడు. ఆ తిండే తిన్నందుకు ఒకదాన్ని పరయా అన్నారు, ఆ తిండే తినే దాయాదిని బాపన గద్ద అన్నారు. తల తెల్లగా ఉండటమే దాని పుణ్యం. చచ్చిన గొడ్డును ఊరి నుంచి మోసుకుపోయి ఊరిని శుభ్రంగా ఉంచినోన్ని అంటరానోడు అన్న బుద్ధే ఇక్కడ గద్ద మీద కూడా రాలింది. లాటిన్ పేరులో కులం లేదు. కులం ఉన్నది మనుషుల కళ్ళల్లో. ఇప్పుడు అంతర్జాతీయ పక్షుల జాబితాల్లో మట్టిరంగు గద్దను బ్లాక్ కైట్, అంటే నల్లగద్ద అని రాస్తాండారు. బ్రాహ్మినీ మాత్రం ఇంకా అట్లే ఉండాది. కింది పేరు పోయినా పై పేరు పోకుండా ఉండటం మనకు కొత్త సంగతేం కాదు గదా.

రిజిస్టరులో నా పేరు

పేరు చిన్న విషయం అనుకోవద్దు. మనుస్మృతి రెండో అధ్యాయంలో బిడ్డకు పేరు పెట్టే పద్ధతి ఉంది. బ్రాహ్మణుని పేరు శుభంగా, క్షత్రియునిది బలంగా, వైశ్యునిది ధనంగా ఉండాలన్నారు. శూద్రుని పేరు మాత్రం అసహ్యం పుట్టేలా ఉండాలని రాసినారు. ఆ నాలుగు మెట్ల మీద కూడా లేని మన గురించి రాయను కూడా లేదు. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహాద్‌లో ఆ పుస్తకాన్ని ఎందుకు కాల్చినాడో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

నా సంగతే చెబుతా. మా నాయన నన్ను బడిలో చేర్చేటప్పుడు ఓబులేసు అని చెప్పినాడు. రాసుకునే అయివారు తల ఎత్తకుండా "ఓబిగాడు" అని రాసినాడు. హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేది. మా నాయనకు చదువు రాదు, ఏం రాసినారో ఆయనకు తెలియదు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చినాక చదివిన మొదటి అబద్ధం నా పేరే. దాన్ని దిద్దించుకోవడానికి పదో తరగతి దాకా పట్టింది. పేరు రాసే కలం ఎవని చేతిలో ఉంటే వానిదే రాజ్యం అని నాకు అప్పుడే తెలిసొచ్చింది.

మనిషి జాతి ఎన్ని?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "ఏం జాతిరా నీది?" అని అడుగుతారే, శాస్త్రంలో జాతి అంటే ఏంది? రెండు ప్రాణులు కలిస్తే పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు మళ్ళీ పిల్లలు పుడితే ఆ రెండూ ఒకే జాతి. మామూలుగా వాడే కొలత ఇది. గుర్రానికి, గాడిదకు కలిపితే కంచరగాడిద పుడుతుంది. బరువు బాగా మోస్తుంది గాని దానికి పిల్లలు పుట్టవు. కాబట్టి గుర్రం, గాడిద వేర్వేరు జాతులు. మరి కులాంతర వివాహం చేసుకున్న మనోళ్ళ ఇండ్లకు పోయి చూడండి. పిల్లలు, మనవలు, మనవరాండ్లు ఇల్లంతా నిండి ఉంటారు! అంతకంటే పెద్ద పరీక్ష ఏం కావాల? భూమ్మీద మనుషులందరిదీ ఒకే జాతి. దాని పేరు హోమో సేపియన్స్. 1758లో లినేయస్ పెట్టిందే. దొరకూ జీతగానికీ ఈ శాస్త్రం రాసే చిరునామా ఒకటే.

కానీ ఒక మాట దాచకూడదు. అదే లినేయస్ అదే పుస్తకంలో మనుషుల్ని రంగును బట్టి నాలుగు రకాలు చేసినాడు. ఇక్కడ కూడా నాలుగే, చూడండి! యూరపు తెల్లోడు చట్టంతో నడుస్తాడు, ఆఫ్రికా నల్లోడు బుద్ధి పుట్టినట్టు నడుస్తాడు అని గుణాలు కూడా అంటించినాడు. ఆకును, పువ్వును అంత జాగ్రత్తగా చూసినోడు మనిషి దగ్గరికి వచ్చేసరికి తన ఊరి గర్వాన్ని శాస్త్రం అని రాసినాడు. ఆ రాతను బానిసల వ్యాపారం చేసినోళ్ళు, వలసలు ఏలినోళ్ళు బాగా వాడుకున్నారు. శాస్త్రం తర్వాత దాన్ని కొట్టేసింది. కాబట్టి సైన్సు అనంగానే దండం పెట్టొద్దు. రుజువు ఏందని అడగడమే సైన్సు.

మన దేశంలో ఆ పని చేసినోడు రిస్లీ అనే తెల్ల అధికారి. 1901 జనాభా లెక్కలకు ఆయనే పెద్ద. ముక్కు వెడల్పును, పొడవును కొలిచి, ముక్కు సన్నగా ఉంటే పై కులం, వెడల్పుగా ఉంటే కింది కులం అన్నాడు. ఆర్యజాతి, అనార్యజాతి అని కులానికి రక్తం రంగు పూసినాడు. బాబాసాహెబ్ ఊరుకోలేదు. 1936లో కులనిర్మూలన గ్రంథంలోనే కులం జాతుల విభజన కాదు, ఒకే జాతి మనుషుల్ని సమాజం చీల్చిన చీలిక అని వాదించినాడు. 1948లో అంటరానివారి గురించి రాసిన పుస్తకంలో ఆ ముక్కుల కొలతలనే తీసుకుని, ఆ లెక్క ప్రకారమే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేల్చినాడు. వాళ్ళ తక్కెడతోనే వాళ్ళ సరుకు తూచి చూపించినాడు.

ఆ తర్వాత కాలంలో మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్ళతో కలిసి రక్తనమూనాలు పరీక్ష చేసి 2013లో ఒక పరిశోధన అచ్చు వేసినారు. దాని సారం ఏందంటే, సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో రకరకాల జనం బాగా కలిసిపోయినారు. ఆ కలయిక గుర్తులు దాదాపు అన్ని కులాల్లో, తెగల్లో ఉన్నాయి. ఆ తర్వాతనే ఎవరి గుంపులో వాళ్ళే పెండ్లి చేసుకునే కట్టడి గట్టిపడింది. బాబాసాహెబ్ 1916లో, ఇరవై అయిదేండ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో కులానికి మూలం లోపలి పెండ్లే అన్నాడు. దాదాపు వందేండ్ల తర్వాత రక్తం చుక్క కూడా అదే సాక్ష్యం చెప్పింది. కులం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పెండ్లికి వేసిన కంచె. కంచె వేసింది మనిషి, తీయగలిగింది కూడా మనిషే.

కలివి కోడి ఎవరిది?

ఇంకో సంగతి. పేర్లు పెట్టినోళ్ళకు ఆ ప్రాణుల్ని చూపించింది ఎవరు?

మన కడప జిల్లా కలివి కోడి కథ వినండి. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరుకు ఈ పక్షి దొరికింది. కలకత్తాలో ఉన్న బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టినాడు, బైటార్క్వేటస్ అని. మెడ కింద రెండు పట్టీలు ఉన్నది అని అర్థం. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటే జెర్డాన్ గారి పక్షి. కానీ జెర్డాన్ తన పుస్తకంలోనే తెలుగువాళ్ళు దీన్ని అడవి ఉత్తతిత్తి అంటారని రాసుకున్నాడు. అంటే ఆయనకు దొరకకముందే దానికి పేరుంది, పేరు పెట్టిన మనుషులున్నారు. వాళ్ళు ఎవరో మాత్రం యాడా రాయలేదు.

1900లో అనంతపురం వైపు పెన్న లోయలో ఒకసారి కనబడింది. తర్వాత పండితులకు కనబడకుండా పోయింది. అంతరించిపోయి ఉంటుంది అనుకున్నారు. 1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వాళ్ళు వచ్చి ఊరూరా బొమ్మ చూపించి అడిగినారు. మనోళ్ళు, ఓహో ఇదా, కలివి కోడి గదా, కలివి పొదల్లో రాత్రిపూట తిరుగుతుంది అన్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె ఊరి వేటగాడు ఐతన్న చేతికి అది చిక్కింది. ప్రపంచం అంతా "86 ఏళ్ళ తర్వాత మళ్ళీ కనుక్కున్నారు" అని రాసింది. ఎవరికి మళ్ళీ? చీకట్లో దాని అడుగు చప్పుడు గుర్తు పట్టే మనిషికి అది ఏనాడూ పోలేదు. దాని గుడ్డు ఒకటి కోలారు బంగారు గనుల దగ్గర 1917లో తీసింది స్కాట్లండు దేశంలో ఒక యూనివర్సిటీ మ్యూజియంలో దొరికితే 2013లో పరీక్ష చేసి ఇది కలివి కోడిదే అన్నారు. గుడ్డు అంత దూరం పోయి పేరు సంపాదించుకుంది. పక్షిని చూపించినోని పేరు మన జిల్లాలోనే ఎంతమందికి తెలుసు?

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. మన కొండల్లో జాలారి చుట్టం ఒకటి, తంబజాలారి ఉంది. శాస్త్రీయ నామం షోరియా తుంబుగ్గాయియా. రెండో మాట రాక్స్‌బర్గ్ అనే దొర తెలుగువాళ్ళ నోటి నుంచి విని రాసుకున్నది. మొదటి మాట జాన్ షోర్ అనే గవర్నర్ జనరల్ పేరు మీద పెట్టింది. ఆయన ఈ చెట్టుకు నీళ్ళు పోసినాడా, మేకను కాసినాడా? ఇంటిపేరు దొరది, వంటి పేరు మనది. సోమిదచెట్టు ఇంకా మేలు. దాని శాస్త్రీయ నామంలో ఇంటిపేరే సోయమిడా. రెండో మాటకు జ్వరాన్ని పోగొట్టేది అని అర్థం. జ్వరానికి ఆ బెరడు కషాయం తాగి చూసి చెప్పింది ఏ అవ్వ? కట్లపాము ప్రజాతి పేరు బంగారస్. విశాఖపట్నంలో ఉండిన రస్సెల్ 1796 పుస్తకంలో తెలుగువాళ్ళు చెప్పిన బంగారు పాము అనే మాట రాస్తే, 1803లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి లాటిన్ తోక తగిలించినాడు. మన మాటలు పుస్తకంలోకి పోయినాయి. మన మనుషులు బయటే ఉండిపోయినారు.

పేరు తప్పుదారి కూడా పట్టిస్తుంది. నీలంగా మెరిసే పెద్ద సాలీడు ఒకటి 1899లో గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికింది. దేశదేశాల్లో గుత్తి సాలీడు అని పేరు పడింది. అది గుత్తిది కాదు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఉండేది. కట్టెలతో పాటు రైలెక్కి వచ్చింది. దాని అసలు ఊరు 2001లో గాని తేలలేదు. నల్లమలలో కట్టె కొట్టేవాన్ని అడిగి ఉంటే నూరేండ్లు పట్టేదా?

పేరు కాగితం మీద ఉంటే ఏం జరుగుతుందో కూడా చూడండి. కలివి కోడి పేరుతో 1988లో లంకమల్ల అభయారణ్యం వచ్చింది. 2000 తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వస్తే గొడవ అయి కాలువ దారి మార్చినారు. మంచిదే. ఆ పక్షి కూడా మనదే, బతకాల. కానీ 1981లో శ్రీశైలం నీళ్ళ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు మునిగినప్పుడు డ్యాము దారి మారలేదు. పట్టాలో పేరున్నోనికి అంతో ఇంతో నష్టపరిహారం వచ్చింది. ఏ కాగితంలోనూ పేరు లేని కూలోడు మూట నెత్తిన పెట్టుకుని నడిచినాడు. పక్షి మీద నాకు కోపం లేదు. కాగితం మీద పేరుకు ఎంత బలం ఉందో చెప్పడానికే ఈ మాట.

మనం చేయాల్సింది

పేర్లు మారవా? మారతాయి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళను తిట్టే ఒక మాట చెట్ల శాస్త్రీయ నామాల్లోకి చేరింది. రెండు వందలకు పైగా మొక్కల పేర్లలో ఆ తిట్టు ఉండేది. 2024 జులైలో స్పెయిన్ దేశం మాడ్రిడ్‌లో ప్రపంచ వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ ఓటు వేసి ఆ తిట్టును తీసేసి, ఆఫ్రికాది అని అర్థం వచ్చేలా మార్చాలని తీర్మానం చేసింది. ముందు పెట్టిన పేరే ఉండాలనే కట్టుబాటును కూడా మనిషి గౌరవం కోసం పక్కన పెట్టినారు. రెండు వందల మొక్కల పేర్లు మారగా లేనిది, మన బడి పుస్తకంలో, మన నోట్లో మాలకాకి అనే మాట మారదా? ఈ పొద్దు నుంచి ఈ పేటలో ఆ మాట ఎవరూ అనొద్దు. ఊర్లో ఎవరన్నా అంటే, కొట్లాడకుండా, దాని పేరు ఇది కాదప్పా అని నిలబడి చెప్పండి.

రెండో పని. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాల, ఊర్లో ఉండే చెట్లు, పిట్టలు, పంటలు, వాటి గురించి జనానికి తెలిసిన విద్య అంతా ఒక రిజిస్టరులో రాయాల. మీ ఊర్లో ఆ రిజిస్టరు ఉందా? ఉంటే ఎవరు రాసినారు? మందు చెట్లు తెలిసిన మన అవ్వను, మేకలు కాసే పిల్లోన్ని, పిట్టల వేట తెలిసిన తాతను అడిగినారా? లేకుంటే ఆఫీసులో కూర్చుని పక్క ఊరి రిజిస్టరు చూసి ఎత్తి రాసినారా? పంచాయతీకి పోయి అడగండి. కమిటీలో మనోళ్ళు, ముఖ్యంగా మన ఆడోళ్ళు ఉండాలని పట్టుబట్టండి.

మూడో పని పిల్లలది. ఒక నోటుబుక్కు తీసుకోండి. అవ్వ దగ్గర, జేజినాయన దగ్గర కూర్చోండి. వాళ్ళకు తెలిసిన ప్రతి చెట్టు పేరు, పిట్ట పేరు, అది ఎప్పుడు పూస్తుంది, యాడ గూడు పెడుతుంది, దేనికి పనికొస్తుంది, రాయండి. పక్కన చెప్పినోళ్ళ పేరు కూడా రాయండి, పూర్తి పేరు, మర్యాదగా. శాస్త్రీయ నామం ఏందో నా దగ్గరికి తెస్తే కనుక్కుని పక్కన రాద్దాం. రెండు పేర్లూ ఉండాల. లాటిన్ పేరు లోకానికి, మన పేరు మన హక్కుకు.

చీకటి పడింది, గద్దలు గూటికి పోయినాయి. రేపు పొద్దున్నే మళ్ళీ చెరువు మీద తిరుగుతాయి. పిల్లలారా, అవి కనబడితే ఒకటి గరుడ అని చెంపలేసుకోవద్దు, ఇంకోటి నీచం అని ఉమ్మొద్దు. రెండూ ఒకే కుటుంబం అని గుర్తు పెట్టుకోండి. ఎవరన్నా మిమ్మల్ని ఏం జాతి అని అడిగితే తల ఎత్తి జవాబు చెప్పండి: హోమో సేపియన్స్. మీదేంది?

జై భీమ్.